ట్రెయిలర్ లైట్లు మొరాయిస్తే తప్పెక్కడుందో పట్టుకోవడం ఎలా?

కారు వెనక కారవాన్ (లాక్కెళ్లే ఇల్లు లాంటి బండి) తగిలించాక మీ కారు లైట్లు వెనకొచ్చేవాళ్లకు కనపడవు. గోడంత బండి అడ్డం ఉంటుంది. మీరు బ్రేకు తొక్కారనో, ఎడమకు తిరగబోతున్నారనో వాళ్లకు చెప్పేవి ఆ కారవాన్ వెనకున్న నాలుగైదు బల్బులే. చిన్న ట్రెయిలరైనా అంతే. అందుకే "ఒక్క ఇండికేటరే కదా పోయింది, దగ్గరికే కదా వెళ్లేది" అనుకుని బయల్దేరకండి. ఆ ఒక్క ఇండికేటర్‌నే నమ్ముకుని మీ వెనక ఒక మోటార్‌సైకిల్ వస్తూ ఉండొచ్చు.

ఈ వైరింగ్ చూసి భయపడాల్సిందేమీ లేదు. ఎన్ని వైర్లున్నా ఒక్కో లైటు లెక్క ఒకటే: కరెంటు ఒక దారిన వెళ్లాలి, మరో దారిన తిరిగి రావాలి. వెళ్లే దారులు లైటుకొకటి ఉంటాయి. తిరిగొచ్చే దారి మాత్రం అన్నిటికీ ఉమ్మడి. అదే ఎర్త్. నేను చేసిన రిపేర్లలో చాలావరకు తప్పు ఆ తిరుగుదారిలోనే దొరికింది. అయినా ఎవరికైనా మొదట చెయ్యి వెళ్లేది బల్బు మీదికే. బల్బు మారుస్తారు, కాసేపు వెలుగుతుంది, మళ్లీ పోతుంది. హోల్డర్ కదిలినప్పుడు ఎర్త్ ఒక్క క్షణం తగిలిందంతే, రోగం అలాగే ఉంది. ఇలా తిరగకుండా వరసగా ఎలా వెతకాలో చెబుతాను.

చేతిలో ఉండాల్సినవి

మల్టీమీటర్ ఒకటి. 21 వాట్ల బల్బును హోల్డర్‌లో బిగించి, దానికి రెండు వైర్లు, చివర్లకు క్లిప్పులు పెట్టుకోండి. ఇదే మన టెస్ట్ ల్యాంప్. ట్రెయిలర్ ఈ చివర నుంచి ఆ చివరకు అందేంత పొడవున్న మామూలు వైరు ఒకటి, దానికీ రెండు వైపులా క్లిప్పులు. సన్న స్క్రూడ్రైవర్, గరుకు కాగితం, చిన్న వైరు బ్రష్షు. వీటితో పాటు విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ దొరికితే సగం పని తేలికైపోతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మీటర్ ఉండగా మళ్లీ బల్బెందుకు అంటారా? మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క వెంట్రుకంత పోగు మిగిలినా, దాని మీదుగా నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. అదే వైరుకు 21 వాట్ల బల్బు తగిలిస్తే అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఆ ఒక్క పోగు అంత మోయలేదు, బల్బు మసకబారుతుంది. అప్పుడు గాని నిజం బయటపడదు. మీటర్‌ను కంటిన్యుటీ (దారి తెగలేదని బీప్‌తో చెప్పే సెట్టింగు) మీద పెట్టి "బీప్ వచ్చింది, వైరు బాగానే ఉంది" అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. బరువు మోయించి చూస్తేనే తాడు బలం తెలిసేది.

పని మొదలుపెట్టే ముందు బండిని చదునైన చోట నిలిపి హ్యాండ్ బ్రేకు వెయ్యండి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ ట్రెయిలర్ కిందికి దూరకండి. కారవాన్‌కు బయటి నుంచి మెయిన్స్ కరెంటు తగిలించి ఉంటే దాన్ని తీసేయండి. రోడ్డు లైట్లది 12 వోల్టుల పని, దాంతో షాక్ కొట్టదు. కానీ అదే కారవాన్ గోడల్లో మెయిన్స్ వైర్లు కూడా నడుస్తుంటాయి.

ముందు చూడండి, తర్వాత ముట్టుకోండి

ట్రెయిలర్ ప్లగ్గును కారు సాకెట్టులో పెట్టి, ఒకరిని కార్లో కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడండి. ఒక్కో లైటు విడిగా వేయించండి: టెయిల్ లైట్లు, ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, బ్రేకు, ఫాగ్, రివర్స్. తర్వాత కలిపి వేయించండి. టెయిల్ లైట్లు వేసి ఉంచి బ్రేకు, అలాగే ఇండికేటర్, ఆఖరున మూడూ ఒకేసారి. విడిగా బాగా వెలిగేవి కలిపినప్పుడు తడబడుతున్నాయా అన్నది చాలా పెద్ద ఆధారం. కనిపించింది కనిపించినట్టు కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల తర్వాత ఏది ముందు చూశామో గుర్తుండదు.

ఒకే ఒక్క లైటు వెలగక, మిగతావన్నీ మంచి వెలుగుతో ఉంటే ఆ బల్బునో, దాని హోల్డర్‌నో, దాని ఒక్క వైరునో అనుమానించండి. రెండు బ్రేకు లైట్లూ ఒకేసారి పోయాయంటే, రెండు బల్బులు ఒకే రోజు కాలిపోవడం అరుదు, కాబట్టి ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు చూడాలి: ఫ్యూజో, ప్లగ్గులో బ్రేకు పిన్నో. ఆగి ఉన్నప్పుడు బాగుండి నడుస్తుంటే రెపరెపలాడితే లూజ్ కాంటాక్ట్. ఏదీ వెలగకపోతే ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదు, లేదా ఎర్త్ పూర్తిగా తెగింది.

ఇక దయ్యం పట్టినట్టు ప్రవర్తించే లైట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బ్రేకు తొక్కితే టెయిల్ లైట్లు తగ్గుతాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడిది కూడా మసకగా మిణుకుమంటుంది. బ్రేకు తొక్కితే నంబర్ ప్లేటు లైటు వెలుగుతుంది. ఇవి చూసి చాలామంది వైర్లు తారుమారయ్యాయని ప్లగ్గు మొత్తం విప్పేస్తారు. విప్పకండి. దీని వెనక ఉన్నది ఎర్తే.

ఏం జరుగుతోందంటే, బ్రేకుకూ టెయిల్‌కూ కలిపి వాడే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి 21 వాట్లది, ఒకటి 5 వాట్లది. రెండింటి చివరలూ బల్బు ఇత్తడి తొడుగుకు కలుస్తాయి. ఆ తొడుగు నుంచే కరెంటు ఎర్త్‌కు పోవాలి. ఆ దారి మూసుకుపోతే, బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు 5 వాట్ల ఫిలమెంటులోకి వెనక నుంచి దూరుతుంది, అక్కణ్నుంచి టెయిల్ లైటు వైరెక్కి నంబర్ ప్లేటు బల్బు మీదుగా ఎర్త్ వెతుక్కుంటుంది. దారిలో ఉన్న బల్బులన్నీ మసకగా వెలుగుతాయి. నీళ్లకు పల్లం దొరక్కపోతే పక్క చేలోకి పొర్లినట్టే ఇదీ. కాబట్టి సంబంధం లేని లైట్లు ఒకదానికొకటి స్పందిస్తుంటే గుర్తుంచుకోండి: ఒకవైపు దీపం మాత్రమే అలా చేస్తే ఆ వైపు దీపం ఎర్త్, రెండు వైపులా చేస్తే ప్లగ్గు దగ్గర ప్రధాన ఎర్త్.

తప్పు కారుదా, ట్రెయిలర్‌దా?

ఇది తేల్చకుండా ఒక్క స్క్రూ కూడా విప్పకండి. ప్లగ్గూ సాకెట్టూ కలిసే చోట సమస్య సరిగ్గా రెండు ముక్కలవుతుంది. అన్నిటికంటే సులువైన దారి ఇంకో బండి. మీ ట్రెయిలర్‌ను వేరే కారుకు తగిలించండి, లేదా మీ కారుకు బాగా పనిచేసే వేరే ట్రెయిలర్ తగిలించండి. తప్పు ఎవరితో వెళ్తే వాళ్లదే.

అలా కుదరనప్పుడు సాకెట్టును పరీక్షించాలి. ఐరోపా పద్ధతి ఏడు పిన్నుల సాకెట్‌లో వరస ఇది: 1 పసుపు, ఎడమ ఇండికేటర్, 2 నీలం, ఫాగ్, 3 తెలుపు, ఎర్త్, 4 ఆకుపచ్చ, కుడి ఇండికేటర్, 5 గోధుమ రంగు, కుడి టెయిల్, 6 ఎరుపు, బ్రేకు, 7 నలుపు, ఎడమ టెయిల్. పదమూడు పిన్నుల దానిలో కూడా మొదటి ఏడింటి పని ఇదే, 8 రివర్స్. ఉత్తర అమెరికాలో చిన్న ట్రెయిలర్లకు వాడే నాలుగు వైర్ల బద్ద ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. అక్కడ బ్రేకూ ఇండికేటరూ ఒకే ఫిలమెంటు మీద నడుస్తాయి. మీకంటే ముందు ఎవరైనా రిపేరు చేసి ఉంటే రంగుల్ని నమ్మకండి, పిన్ను నంబరునే నమ్మండి. ప్లగ్గు లోపల ప్రతి పిన్ను పక్కనా చిన్న అంకె అచ్చు పోసి ఉంటుంది. ఇంకో మాట: సాకెట్టును ముందు నుంచి చూసినప్పుడూ, వెనక నుంచి చూసినప్పుడూ వరస అద్దంలోలా తిరగబడుతుంది. అంకె చూడకుండా బొమ్మను చూసి వైర్లు బిగించినవాళ్లు పొరబడేది ఇక్కడే.

టెస్ట్ ల్యాంప్ ఒక కొసను సాకెట్టు 3వ పిన్నుకు తగిలించండి. కారు బాడీకి కాదు, ఖచ్చితంగా 3వ పిన్నుకే. రెండో కొసను ఒక్కో పిన్నుకు తాకిస్తూ, లోపలివాళ్లను ఆ లైటు వేయమనండి. అన్ని పిన్నుల్లోనూ బల్బు మంచి వెలుగుతో వెలిగితే కారు తప్పు లేదు. ఏ పిన్నులోనూ వెలగకపోతే ఎర్త్ కొసను తీసి కారు చాసిస్ మీద రంగు లేని శుభ్రమైన ఇనుముకు పెట్టి చూడండి. ఇప్పుడు వెలిగిందా? అయితే కారు సాకెట్టు ఎర్త్ వైరే పోయింది.

ఈ మధ్య వచ్చిన కార్లలో ట్రెయిలర్ లైట్లకు విడిగా ఒక ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. వాటిలో కొన్ని, ట్రెయిలర్ తగిలిందని గుర్తిస్తే గాని సాకెట్టుకు కరెంటు పంపవు. బల్బులు ఉన్నాయో లేదో చూడటానికి మధ్యమధ్య చిన్న చిన్న పల్సులు పంపేవీ ఉన్నాయి. అలాంటి సాకెట్‌లో మీటర్ పెడితే అర్థం లేని అంకెలు వస్తాయి. అక్కడా 21 వాట్ల బల్బే పనికొస్తుంది, నిజమైన లైటు తగిలినట్టు మాడ్యూల్ దాన్ని గుర్తిస్తుంది. ఆ కార్ల వైర్లను కోసి మధ్యలో జాయింట్లు మాత్రం పెట్టకండి.

బ్యాటరీతో ట్రెయిలర్‌ను ఒంటరిగా పరీక్షించడం

ఇందాక విడి బ్యాటరీ అన్నది దీనికే. ట్రెయిలర్ ప్లగ్గును కారు నుంచి తీసేసి, బ్యాటరీ మైనస్‌ను ప్లగ్గు 3వ పిన్నుకు తగిలించండి. ప్లస్ నుంచి వచ్చే వైరుకు మధ్యలో టెస్ట్ ల్యాంప్ పెట్టి, దాని రెండో కొసతో ఒక్కో పిన్నును తాకండి. మధ్యలో బల్బు ఉండడంతో, లోపల ఎంత షార్ట్ ఉన్నా రెండు ఆంపియర్ల లోపే కరెంటు పారుతుంది. వైర్లు కాలవు, ఫ్యూజులు వృథా కావు.

ఆ బల్బే మీకు కబుర్లు చెబుతుంది. ఇండికేటర్ పిన్నును తాకితే, మీ చేతిలో బల్బూ ట్రెయిలర్ ఇండికేటరూ రెండూ సగం వెలుగుతో వెలగాలి, రెండూ 21 వాట్లవే కాబట్టి వోల్టేజ్ చెరిసగం. బ్రేకు పిన్నును తాకితే చేతిలోది ఎక్కువగా, ట్రెయిలర్‌లోవి రెండూ బాగా తక్కువగా వెలుగుతాయి. టెయిల్ పిన్నుకు చేతిలోది దాదాపు వెలగదు, ట్రెయిలర్‌లోది బాగానే కనిపిస్తుంది. ఎల్‌ఈడీ లైట్లైతే అన్ని పిన్నులకూ ఇంతే. ట్రెయిలర్‌లో ఏమీ వెలగక, చేతిలో బల్బు మాత్రం నిండు వెలుగుతో వెలిగిపోతే ఆ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగిలి షార్టయింది. రెండూ చీకటిగా ఉంటే దారి తెగిపోయింది.

షార్ట్ దొరికినప్పుడు చేతిలోని బల్బును పిన్నుకు అలాగే కట్టేసి, అందరికీ కనిపించేలా నేల మీద పెట్టండి. కేబుల్ వెంట నడుస్తూ ప్రతి అడుగుకూ కొంచెం కొంచెం కదిలించండి. ఏ చోట కదిపితే నిండు వెలుగు ఒక్కసారి తగ్గుతుందో తప్పు అక్కడే. ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకుంటూ పోవడం కంటే ఇది ఎంతో మేలు. ఫ్యూజ్ పోతోందని 10 ఆంపియర్ల ఎర్రదాని బదులు 20 ఆంపియర్ల పసుపుదో, రాగి తీగో పెట్టడం ఎప్పుడూ చేయకండి. అప్పుడు ఫ్యూజ్ పని వైరు చేస్తుంది, కారవాన్ గోడ లోపల.

షార్ట్ ఏమీ లేదని తేలాక, టెస్ట్ ల్యాంప్ తీసేసి 10 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా నేరుగా కరెంటు ఇచ్చి, ఒక్కో లైటు అసలు వెలుగు చూసుకోవచ్చు.

ప్లగ్గు విప్పి చూడండి

తప్పు ట్రెయిలర్‌దని తేలితే మొదట విప్పాల్సింది ప్లగ్గు. వానా, దుమ్మూ, నేల మీద ఈడ్చుకుపోవడం, అన్నీ దానికే.

పిన్నులు చూడండి. ఇత్తడి మెరుపు పోయి పచ్చటి చిలుము పట్టిందా? సన్న గరుకు కాగితాన్ని అగ్గిపుల్లకు చుట్టి రుద్దండి. ఏడు పిన్నుల ప్లగ్గులో పిన్నుకు మధ్యలో నిలువు చీలిక ఉంటుంది. వాడగా వాడగా ఆ చీలిక మూసుకుపోయి పిన్ను సన్నబడి సాకెట్‌లో వదులవుతుంది. చాకు మొనతో ఆ చీలికను రవ్వంత తెరవండి, పట్టు తిరిగొస్తుంది. ఎక్కువ తెరిస్తే పిన్ను విరుగుతుంది. పదమూడు పిన్నుల దానికి ఇది వర్తించదు. దాన్ని లోపలికి పెట్టి చివరిదాకా తిప్పామా లేదా అన్నదే ముఖ్యం. సగం తిరిగి ఆగితే కొన్ని పిన్నులు తగులుతాయి, కొన్ని తగలవు.

ఇప్పుడు వెనక మూత తీసి వైర్లు చూడండి. చూడటమే కాదు, ఒక్కోదాన్ని వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగండి. ఒకసారి ఒక కారవాన్ ప్లగ్గు విప్పాను. తెల్ల వైరు కొత్తదానిలా ఉంది, స్క్రూ బిగుతుగా ఉంది, మీటర్ పెడితే సున్నా ఓమ్‌లు. లాగితే ఊడి చేతికొచ్చింది. స్క్రూ కింద మూడే మూడు పోగులు మిగిలి ఉన్నాయి. తొడుగు ఒక అంగుళం వలిచాను, లోపల రాగి మసి పూసినట్టు నల్లగా ఉంది. ఇంకో అంగుళం వలిచాను, అదే నలుపు. తడి లోపలికి పాకుతూ పోయింది. మూడో అంగుళం దాటాక ఎర్రటి రాగి మెరిసింది. అక్కడ కోసి మళ్లీ బిగించాక ఆ కారవాన్ లైట్లన్నీ ఒక్కసారిగా నిండుగా వెలిగాయి. నల్లబడ్డ రాగి మీద టంకం పట్టదు, స్క్రూ బిగించినా కరెంటు సరిగ్గా పారదు. మెరిసే రాగి కనిపించేదాకా కోస్తూ వెళ్లాల్సిందే. వైరు చాలకపోతే కొత్త ముక్క అతకండి.

కేబుల్ బయటి తొడుగును ప్లగ్గు వెనక క్లాంపు పట్టుకుందో లేదో కూడా చూసుకోండి. అది వదులైతే కేబుల్ లాగిన ప్రతిసారీ బరువంతా లోపలి స్క్రూల మీదే పడుతుంది.

ఎర్త్‌ను కొలవడం

ప్లగ్గు బాగుంటే దీపాల దగ్గరికి వెళ్లండి. ముందు శీఘ్ర పరీక్ష: పొడవాటి వైరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండోది మొరాయిస్తున్న దీపంలో బల్బు ఇత్తడి తొడుగుకు తాకించండి. దీపం టక్కున సరిగ్గా వెలిగిందంటే ఎర్త్ దోషం ఖాయం. ఇక ఎక్కడో తేల్చాలి.

మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల మొన బ్యాటరీ మైనస్‌కు తగిలించి, వైరు సాయంతో అక్కడే వదిలేయండి. ఫ్యూజ్ మీదుగా టెయిల్, బ్రేకు పిన్నులకు అదే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి లైట్లు వెలిగించండి, ఎందుకంటే కరెంటు పారకపోతే ఈ కొలతకు అర్థం లేదు. ఎర్ర మొనను బల్బు తొడుగుకు తాకించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. ఒక వోల్టు దాటితే తిరుగుదారిలో అడ్డు ఉంది. ఇప్పుడు ఎర్ర మొనను మెల్లగా వెనక్కి జరుపుతూ రండి: తొడుగు, హోల్డర్ రివెట్టు, ఎర్త్ వైరు, జంక్షన్ బాక్సులో స్క్రూ, ప్లగ్గు పిన్ను. ఏ రెండు చోట్ల మధ్య అంకె దభీమని పడిపోతుందో తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది. తొడుగు దగ్గర 2.1, రివెట్టు దగ్గర 2.1, ఎర్త్ వైరు మీద 0.1 వచ్చిందనుకోండి, దోషం రివెట్టుకూ వైరుకూ మధ్య. ఇంత ఖచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు, మీరు ఒక్కటే నేర్చుకోవాలనుకుంటే ఇది నేర్చుకోండి.

పాత ట్రెయిలర్లలో కొన్ని ఎర్త్ వైరు బదులు చాసిస్‌నే తిరుగుదారిగా వాడతాయి. బోల్టు కింద తుప్పు పట్టినా, రంగు వేసినా కథ ముగిసినట్టే. ఇంకా ఘోరం, తెల్ల వైరు తెగిపోయి, కరెంటు కాస్తా లాగుడు కొక్కెం బంతి మీదుగా కారుకు చేరుతుంటుంది. ఆ బంతికి గ్రీసు రాసి ఉంటుంది. గతుకు పడినప్పుడల్లా లైట్లు రెపరెపలాడతాయి. ఇలాంటి బండికి ప్రతి దీపం నుంచీ ప్లగ్గు దాకా విడిగా తెల్ల వైరు లాగేయడమే శాశ్వతమైన పని. ఒక పూట పడుతుంది.

బల్బులు, హోల్డర్లు, కేబుల్

బల్బును కంటితో చూసి నమ్మకండి. ఫిలమెంటు తెగింది కొన్నిసార్లు కనిపించదు. మీటర్ పెడితే 21 వాట్లది ఒక ఓమ్ లోపు చూపాలి. గాజు పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరింది. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కన ఉండే రెండు చిన్న మొనలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒకేవైపుగా దూరడానికే అలా పెట్టారు. బలవంతంగా తిప్పి దూరిస్తే టెయిల్ లైటు బ్రేకంత ప్రకాశంగా వెలుగుతుంది, బ్రేకు తొక్కినా తేడా పెద్దగా కనిపించదు.

హోల్డర్ అడుగున సీసపు చుక్కలను తాకే రేకులు వంగిపోతే కొంచెం పైకి లేపండి, లైట్లు ఆపి. నంబర్ ప్లేటుకు వాడే గొట్టం లాంటి బల్బును పట్టుకునే రెండు రేకులు సడలుతుంటాయి, లోపలికి నొక్కితే చాలు. దీపంలో నీళ్లు నిలిస్తే రబ్బరు సీలు మార్చండి. కొన్ని దీపాలకు కింద నీళ్లు కారిపోయే చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మూయకండి.

కేబుల్ విషయంలో అరిగే చోట్లే చూడండి: చాసిస్ రంధ్రం గుండా దూరే చోట, కొక్కెం దగ్గర మలుపులో, చక్రం పక్కన, వాల్చే ట్రెయిలరైతే మడత బందు దగ్గర. పడవ ట్రెయిలర్ ఉన్నవాళ్లు నీళ్లలోకి దింపే ముందు ప్లగ్గు తీసేసి, బల్బులు కాసేపు చల్లారనివ్వండి. వేడి గాజు చన్నీళ్లకు పగులుతుంది.

ఎల్‌ఈడీలు, కారవాన్ ప్రత్యేకాలు

ఇండికేటర్ మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే, ఒక బల్బు పోయిందని కారు చెబుతోంది. ట్రెయిలర్‌కు ఎల్‌ఈడీలు వేశాక అలా మొదలైతే లైటు బాగానే ఉండొచ్చు. ఎల్‌ఈడీ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి కారు బల్బు లేదనుకుంటోంది. దానికి లోడ్ రెసిస్టర్ (బల్బు బదులు కరెంటు తీసుకునే భాగం) పెట్టాలి. అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కూ వైర్లకూ తగలకుండా లోహం మీద బిగించండి. ఆపిన లైట్లు సన్నగా మిణుకుతుంటే అది కారు పంపే పల్సుల పని.

కారవాన్‌లో లోపలి లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి ఎర్త్ బాగుందనుకోవడం పొరపాటు. పదమూడు పిన్నుల ప్లగ్గులో లోపలికి వెళ్లే కరెంటు 9, దాని ఎర్త్ 13. ఫ్రిజ్‌కు 10, దాని ఎర్త్ 11. రోడ్డు లైట్లకు 3. ఈ మూడు ఎర్త్‌లనూ కారవాన్‌లో ఒకదానితో ఒకటి కలపకూడదు. ఫ్రిజ్ బోలెడంత కరెంటు లాగుతుంది, ఎవరైనా "ఎర్తే కదా" అని 11నూ 3నూ కలిపేస్తే ఆ భారమంతా లైట్ల దారి మీద పడుతుంది. ఫ్రిజ్ ఆన్ చేసినప్పుడే లైట్లు తగ్గుతుంటే ముందు ఇది చూడండి.

బిగించడం, ఆఖరి పరీక్ష

జాయింట్‌కు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం నాలుగు వానలకే చెడిపోతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం ముందే ఎక్కించుకుని, క్రింపు చేసి (వైర్లను లోహపు ముక్కలో పెట్టి గట్టిగా నొక్కి), వేడితో ముడుచుకునేలా చేయండి. బండి అదురుకు వైరు కదలకుండా జాయింట్‌కు రెండు పక్కలా క్లిప్పుతో బంధించండి. హోల్డర్లకూ ప్లగ్గు పిన్నులకూ పల్చగా డైఎలక్ట్రిక్ గ్రీసు (కరెంటు పారని గ్రీసు) రాయండి.

అన్నీ అయ్యాక మొదట చేసినట్టే ఒక్కోటి, తర్వాత కలిపి వేయించి, రాసుకున్న కాగితంతో సరిచూడండి. ఒక్కరే ఉంటే బ్రేకు పెడల్‌కూ సీటుకూ మధ్య కర్ర ఆనించి వెనక్కి వెళ్లి చూడొచ్చు. బయల్దేరాక ఇరవై ముప్పై కిలోమీటర్లకు ఒకసారి ఆగి, ప్లగ్గు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా తగిలితే లోపల ఏదో పిన్ను ఇంకా వదులుగానే ఉంది, విప్పి మళ్లీ చూడండి. బండి విప్పి పక్కన పెట్టినప్పుడు ప్లగ్గును నేల మీద వదలకుండా, మొహం కిందికి ఉండేలా వేలాడదీయండి.